నకలుకూ నకిలీకీ మధ్య

తహశీల్దారు కార్యాలయంలో పాత పహాణీ కోసం అర్జీ పెట్టుకున్నవారి చేతికి చివరకు వచ్చేది అసలు పహాణీ కాదు, దాని నకలు. అసలు దస్త్రం బీరువాలోనే ఉండిపోతుంది. దానిని చూసి తీసిన ప్రతి మీద అధికారి సంతకం, ముద్ర పడి, అసలుతో సరిచూసినట్లు ఒక మాట చేరుతుంది. ఆ కాగితాన్ని బ్యాంకులో చూపించవచ్చు, కోర్టులో దాఖలు చేయవచ్చు. అదే వారం పత్రికలో జిల్లా పేజీ తిరగేస్తే, నకిలీ పాసుపుస్తకాలతో రుణాలు తీసుకున్న ముఠా పట్టుబడిందన్న వార్త ఉంటుంది. రాతలో ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా కకారానికి ఒక గుడి, లకారానికి కొమ్ము తీసేసి పెట్టిన గుడిదీర్ఘం మాత్రమే. అయినా మొదటిది ప్రభుత్వమే ముద్ర వేసి ఇచ్చేది, రెండోది దగ్గర పెట్టుకున్నవాడిని జైలుకు పంపేది. ఒకే ఇంట పుట్టిన మాటలు ఇంత దూరం ఎలా జరిగాయన్నది భాష గురించిన కుతూహలంతో తీరిపోయే ప్రశ్న కాదు. మనం దేనిని నకిలీ అంటున్నామో, ఎందుకు అంటున్నామో తేల్చుకోవడానికి కూడా ఈ పుట్టుపూర్వోత్తరాలు పనికివస్తాయి.

రెండింటికీ మూలం అరబ్బీలోని నక్ల్. న, క, ల అనే మూడు హల్లుల ఆ ధాతువుకు మొదటి అర్థం ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చడం. అందుకే ఈనాటికీ ఈజిప్టులో రవాణా మంత్రిత్వ శాఖ పేరులో ఉన్న మాట నక్ల్. తుర్కియేలో ఇంటిసామాను తరలించే వ్యాపారానికి నక్లియాత్ అని పేరు. తెలుగు నాలుక రెండు హల్లులు అలా ఒకదానికొకటి ఆనుకుని మాట ముగియడాన్ని సహించదు కాబట్టి మధ్యలో ఒక అచ్చును, చివర ఒక ఉకారాన్ని చేర్చుకుని నక్ల్‌ను నకలు చేసింది. అస్ల్ అసలు కావడం కూడా ఇదే దారి. నక్ల్‌కు ఈకారం చేరి విశేషణమైన నక్లీ తెలుగులోకి వచ్చేసరికి, చివరి ఈకారం తన ముందున్న అచ్చును కూడా తనవైపు లాక్కున్నట్లుంది, అందుకే అది నకలీగా కాక నకిలీగా స్థిరపడింది. ఇదేదో ఒంటరి వింత అనుకోనక్కరలేదు. బదల్ మనకు బదులు అయింది, బదలీ బదిలీ అయింది. బదులు–బదిలీ జంటను, నకలు–నకిలీ జంటను పక్కపక్కన పెడితే ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఇందులో ఒక చమత్కారం కూడా ఉంది: అరబ్బీవాడికి నకిలీలోని ధాతువు వినిపించేది దాదాపు మన బదిలీ అర్థంలోనే.

చేరవేయడం నుంచి మోసం దాకా జరిగిన ప్రయాణం ఒక్క గెంతులో జరగలేదు. ఇస్లామీయ విద్యాసంప్రదాయంలో శాస్త్రాలను రెండుగా విడదీస్తారు: బుద్ధితో తర్కించి తెలుసుకునేవి అక్లీ, గురుపరంపర ద్వారా మార్పు లేకుండా అందినవి నక్లీ. 14వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్ర గ్రంథపు ముందుమాటలో చేసిన విభజన ఇదే. అక్కడ నక్లీ అంటే గౌరవం. విన్నదానిని విన్నట్లుగా అందించడం అనే నిజాయితీకి అది పేరు. పారశీకంలో నక్ల్‌కు కథ చెప్పడం అనే అర్థం బలపడింది. ఇరాన్‌లో రాజుల, వీరుల గాథలను అభినయిస్తూ చెప్పే కళ పేరు నక్కాలీ. తక్షణం కాపాడుకోవలసిన కళగా యునెస్కో 2011లో దానిని తన జాబితాలో చేర్చింది. కథ చెప్పేవాడు పాత్రలను అనుకరించక తప్పదు. ఆ అనుకరణే ప్రధానమై, హిందుస్థాన్‌లో నక్కాల్ అంటే దర్బారుల్లో, పెళ్ళిళ్ళలో ఇతరుల నడకను, మాటను దించి నవ్వించేవాడు అయ్యాడు. ఇటు కచేరీలలో రాయసగాళ్లు అసలు కాగితాన్ని చూసి రాసిన రెండో ప్రతి నకలు అయింది. చేరవేత, చెప్పడం, అనుకరణ, ప్రతి. ఇంతవరకు ఎక్కడా మచ్చ లేదు. మచ్చ పడింది విశేషణానికే. ప్రతి అని చెప్పి ఇచ్చిన ప్రతికి విశేషణంతో పనిలేదు. ప్రతిని అసలు అని చెప్పి అంటగట్టినప్పుడే, అడిగి తెలుసుకున్నవాడు "ఇది నక్లీ" అనవలసి వస్తుంది. నామవాచకం కచేరీలో ఉండిపోయి పరువు నిలుపుకుంది, విశేషణం బజారున పడింది.

తెలుగు నేల మీదికి ఈ జంట వచ్చిన తోవ పరిపాలనది. 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల కచేరీలలో పారశీకం, దాని పక్కనే తెలుగు నడిచాయి. తరువాత అసఫ్ జాహీల రాజ్యంలో పారశీకం, 1880వ దశకం నుంచి ఉర్దూ రాజభాషలయ్యాయి. కోస్తా జిల్లాలు కంపెనీ చేతికి పోయినా, కంపెనీ దొరలు కచేరీ మాటలను మార్చలేదు. దస్తావేజు, రసీదు, జప్తు, రద్దు, వసూలు, దాఖలా అన్నీ అలాగే కొనసాగాయి. అలాంటి మాటల కోసమే సి.పి. బ్రౌన్ 1854లో తన పెద్ద నిఘంటువుకు తోడుగా మిశ్రభాషా నిఘంటువును విడిగా అచ్చువేయవలసి వచ్చింది. ఈ మాటల గుంపులో అసలు, నకలు ఎప్పుడూ జంటగా తిరిగినవే. అరబ్బీలో అస్ల్ అంటే చెట్టు వేరు. వేరు ఎక్కడుందో చెప్పేది అసలు, వేరు నుంచి వేరయి చేతులు మారుతూ వచ్చినది నకలు. మనం మాత్రం అసలును అప్పు మొత్తానికి కూడా వాడుకుని, అసలు కంటే వడ్డీ ముద్దని మనవళ్ళను ముద్దాడే దాకా తీసుకువెళ్లాం.

ఈ మాట రాకముందు ఇక్కడ మోసానికి పేరు లేదనుకుంటే పొరపాటు. సంస్కృతం నుంచి మనకు దక్కిన మాట కూటం. ఇవాళ దానిని దాదాపు మరిచిపోయాం. కూటసాక్ష్యం అనే సమాసంలో కొందరు పెద్దలు వాడతారు, శాసనాలు చదివేవారు కూటశాసనం అంటారు. రాజకీయాల్లో వినిపించే కూటమితో దీనిని కలపకూడదు, అది తెలుగు కూడు అనే క్రియ నుంచి వచ్చింది. హిందీలో మాత్రం దేశాల మధ్య దౌత్యానికి కూటనీతి అన్నదే గౌరవప్రదమైన పేరు, అది దౌత్యవేత్తలను ఎంతవరకు సంతోషపెడుతుందో తెలియదు. అమరకోశం నానార్థవర్గంలో కూటానికి ఇచ్చిన అర్థాలు చూడదగ్గవి: మాయ, కదలనిది, జంతువును పట్టే యంత్రం, కపటం, అబద్ధం, రాశి, కమ్మరి ఇనుప సమ్మెట, కొండ శిఖరం, నాగలిలో ఒక భాగం. ఒకే మాట కింద కమ్మరి సమ్మెట, అబద్ధం పక్కపక్కన ఉన్న సంగతిని కాసేపు గుర్తుపెట్టుకోవాలి. అది తరువాత పనికివస్తుంది.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో కూటం పూర్తిగా నేరపు మాట. దొంగ నాణెం కూటరూపం, దానిని తయారుచేసేవాడు కూటరూపకారకుడు. రకరకాల లోహాలు, క్షారాలు, బొగ్గులు, తిత్తులు, పట్టకారులు, మూసలు, అచ్చులు మాటిమాటికీ కొంటూ, చేతులకు, బట్టలకు మసితో, పొగతో కనిపించేవాడి మీద గూఢచారి కన్ను వేయాలని, వాడితో చేరి రుజువు చేసుకుని దేశం నుంచి వెళ్లగొట్టాలని ఆ గ్రంథం చెబుతుంది. దొంగ నాణెం చేయించినా, పుచ్చుకున్నా, చలామణీ చేసినా వెయ్యి పణాల దండన. దానిని రాజు బొక్కసంలో వేసినవాడికి మాత్రం మరణమే. మనుస్మృతి కూటశాసనాలు సృష్టించినవాడికి కూడా అదే శిక్ష విధించింది. ఈ దండనల తారతమ్యం గమనిస్తే, పోలిక ఎంత బాగా కుదిరిందన్నది వారికి లెక్కలోకి రాలేదని తెలుస్తుంది. ఎవరి అధికారాన్ని దొంగిలించారు, దానిని ఎక్కడ దాకా తీసుకుపోయారు అన్నదే లెక్క.

కూటానికి అందరికంటే పదునైన నిర్వచనం ఇచ్చినది ధర్మశాస్త్రకారులు కాదు, శంకరాచార్యులు. గీత 12వ అధ్యాయంలో పరబ్రహ్మను కూటస్థమన్న శ్లోకానికి భాష్యం రాస్తూ, పైకి గుణం కనిపిస్తూ లోపల దోషం ఉన్న వస్తువును కూటమంటారని, కూటరూపం, కూటసాక్ష్యం అనే మాటలు లోకంలో ప్రసిద్ధమేనని ఆయన గుర్తుచేశారు. బ్రహ్మాన్ని వివరించడానికి దొంగ నాణేన్ని ఉదాహరణగా తెచ్చుకోవడం ఆయన ధైర్యం. ఇందులో అనుకరణ ఊసే లేదు. పైకి ఒకటి, లోపల ఒకటి, అంతే. నా ఉద్దేశంలో మనం ఇవాళ నకిలీ అనే మాటతో చెప్పదలచుకున్నది దీనినే, కానీ మాట మాత్రం ప్రతి తీయడం అనే వేరే పని నుంచి తెచ్చుకున్నాం. గందరగోళమంతా అక్కడే మొదలైంది.

ఆ గందరగోళం కొత్తది కాదని చెప్పే రెండు రాగిశాసనాలు ఉన్నాయి. మొదటిది ఉత్తరప్రదేశ్‌లోని మధుబన్‌లో దొరికిన హర్షవర్ధనుని శాసనం, సుమారు 631 నాటిది. సోమకుండిక అనే గ్రామాన్ని వామరథ్యుడనే బ్రాహ్మణుడు కూటశాసనం బలంతో అనుభవిస్తున్నట్లు తేలిందని, అందుచేత ఆ రేకును పగలగొట్టి గ్రామాన్ని అతడి నుంచి తీసుకుని మరో ఇద్దరు బ్రాహ్మణులకు ఇచ్చామని ఆ శాసనం స్పష్టంగా చెబుతుంది. దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల నాటి దొంగ దస్తావేజు కేసులో తీర్పు మనకు రాగి మీద మిగిలింది. భూమి ఉన్నచోట దొంగ కాగితం ఉంటుందని, కాగితం ఇక్కడ వాడుకలోకి రాకముందే రుజువైంది.

రెండోది ఇంకా విలువైనది. హర్షుని మిత్రుడైన కామరూప (ఇప్పటి అస్సాం ప్రాంతం) రాజు భాస్కరవర్మ వేయించిన ఈ రేకులు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంలో, నిధన్‌పూర్ అనే ఊళ్లో 1912లో బయటపడ్డాయి. భాస్కరవర్మ పూర్వీకుడైన భూతివర్మ చాలామంది బ్రాహ్మణులకు భూమి దానం చేసి రేకులు ఇచ్చాడు. అవి అగ్నిప్రమాదంలో పోయాయి. వాటి స్థానంలో భాస్కరవర్మ కొత్త రేకులు ఇచ్చాడు. ఇప్పుడు చిక్కు ఏమిటంటే, దానం భూతివర్మ కాలానిది, లిపి భాస్కరవర్మ కాలానిది. తరువాత ఎప్పుడో ఎవరైనా చూసి, కాలానికీ లిపికీ పొంతన లేదు కాబట్టి ఇది దొంగ శాసనమని కొట్టివేయవచ్చు. శాసనం రాయించినవాడికి ఆ అనుమానం ముందే వచ్చింది. అందుకని చివర ఒక శ్లోకం చేర్చాడు: పాత శాసనం కాలిపోయిన తరువాత వీటిని కొత్తగా రాశారు కాబట్టి అక్షరాలు వేరు రూపంలో ఉన్నాయని, ఆ కారణంగా ఇవి కూటాలు కావని దాని భావం. నకలుకూ నకిలీకీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఇంత పొదుపుగా చెప్పిన వాక్యం నేను మరొకటి చూడలేదు. నకలు తన పుట్టుకను తానే చెప్పుకుంటుంది: నేను ఫలానా దాని నుంచి, ఫలానా కారణం చేత, ఫలానావారి ఆజ్ఞతో వచ్చాను అంటుంది. కూటం తన పుట్టుకను దాచి మరొకరి పుట్టుకను చెబుతుంది. అక్షరాలు అచ్చుగుద్దినట్లు పాతవాటిలా ఉండి ఉంటే అనుమానించవలసింది. వేరుగా ఉండటమే ఇక్కడ నిజాయితీకి సాక్ష్యం.

కూటశాసనాలను పట్టుకోవడానికి శాసన పరిశోధకులు వాడే మొదటి గీటురాయి సరిగ్గా ఈ లిపే. రేకు మీద చెప్పిన సంవత్సరానికి వందల ఏళ్ల తరువాతి అక్షరాలు కనిపిస్తే వారు నొసలు చిట్లిస్తారు. జె.ఎఫ్. ఫ్లీట్ ఈ పద్ధతిలోనే పశ్చిమ గంగ రాజుల పేరుతో దొరికిన పలు రేకులను నమ్మదగనివిగా తేల్చాడు. అయితే ఛత్తీస్‌గఢ్‌లోని కురుద్‌లో దొరికిన నరేంద్రుని శాసనం వంటివి కూడా ఉన్నాయి. అంతకుముందు తాటాకు మీద రాసి ఇచ్చిన దానపత్రం ఇల్లు తగలబడి పోయిందని, అందుకే ఇప్పుడు రాగి మీద ఇస్తున్నామని అది చెప్పుకుంది. చెప్పుకోని నకళ్లు ఎన్ని దొంగ శాసనాల జాబితాలో చేరిపోయాయో మరి.

ఇప్పుడు కమ్మరి సమ్మెట దగ్గరికి రావాలి. ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్న ఫోర్జరీలోని ఫోర్జ్ అంటే కమ్మరి కొలిమి. లాటిన్‌లో పనిచోటును చెప్పే ఫాబ్రికా ఫ్రెంచి నోట అరిగి ఫోర్జ్ అయింది. అదే ఫాబ్రికా నేరుగా వచ్చి ఫ్యాబ్రికేషన్ అయింది. మన పారిశ్రామికవాడల్లో గేట్లు, గ్రిల్సు చేసే దుకాణాల బోర్డుల మీద ఫ్యాబ్రికేషన్ వర్క్స్ అని ఉంటుంది, కోర్టుల్లో ఫ్యాబ్రికేటెడ్ సాక్ష్యం అని వాదిస్తారు; మాట ఒకటే. ఉర్దూలో దొంగ పత్రానికి ఉన్న జఅలీ కూడా ఇటువంటిదే, అరబ్బీలో జఅల్ అంటే చేయడం, ఏర్పరచడం. హిందీవాళ్ళు దానిని జాలీ అని పలుకుతూ వల అనే అర్థంతో కలిపేసుకున్నారు. మన పత్రికల భాషలో నకిలీ పత్రాలను ఎవరూ "తయారుచేయరు", "సృష్టిస్తారు". కృత్రిమం అనే మాటలో ఉన్నదీ చేయడమే. ఒకప్పుడు కపటి అనే అర్థంలో కృత్రిముడనేవారు, ఇప్పుడు అదే మాట కృత్రిమ మేధ అని గౌరవంగా తిరుగుతోంది. ఎక్కడ చూసినా మోసానికి రెండు మూలాలు కనిపిస్తాయి: ఉన్నదానిని చూసి మరొకటి చేయడం, లేనిదానిని ఉన్నట్లు చేయడం. నకిలీ మొదటి తోవలో వచ్చింది, ఫోర్జరీ రెండో తోవలో వచ్చింది.

చట్టం ఈ తేడాను ఆశ్చర్యం కలిగించేంత పట్టుదలతో పాటిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 335, 336 సెక్షన్లు దొంగ పత్రం తయారీకి, ఫోర్జరీకి సంబంధించినవి. అంతకుముందు శిక్షాస్మృతిలో 463 నుంచి వరుసగా ఉండేవి. నాణేలు, నోట్ల వంటివాటికి వర్తించే అనుకరణ నేరం వేరు. అందులో ఒక వస్తువును మరొకదానిలా కనిపించేట్లు చేసి, ఆ పోలికతో మోసం చేయాలనుకోవడం ముఖ్యం. పోలిక అచ్చంగా కుదరాలన్న నియమం కూడా లేదు. ఫోర్జరీలో పోలికతో పనిలేదు. ఆ పత్రాన్ని ఎవరు చేశారో, ఎవరి అధికారంతో చేశారో అన్న విషయంలో అబద్ధం ఉండాలి. తనది కాని భూమిని తనదేనని రాసి, తన సొంత పేరుతో, సొంత సంతకంతో అమ్మినవాడి మీద పెట్టిన కేసు 2009లో బీహార్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. పత్రంలో ఉన్నది అబద్ధమే కావచ్చు గాని, తాను మరొకరినని గాని, మరొకరి తరఫున సంతకం చేస్తున్నానని గాని అతడు చెప్పలేదు కాబట్టి అది ఫోర్జరీ కిందికి రాదని కోర్టు అన్నది. సామాన్యుడికి ఇది మింగుడుపడదు. అబద్ధపు దస్తావేజు దొంగ దస్తావేజు ఎందుకు కాదని అడుగుతాడు. అది అబద్ధం చెప్పే అసలు పత్రం, అంతే. దానికి వేరే సెక్షన్లు ఉన్నాయి. మోసం మొత్తానికి జనం పెట్టుకున్న పేరు ఫోర్‌ట్వంటీ. సంహితలో ఆ నేరం 318కి మారినా ఆ పేరు మారేలా లేదు.

పోలికకు విలువ లేదనడానికి మన కాలపు ఉదాహరణ అబ్దుల్ కరీం తెల్గీ స్టాంపుల కుంభకోణం. అతడు నాసిక్ సెక్యూరిటీ ప్రెస్‌లో పనికిరానివని తీసేసిన యంత్రాలనే సంపాదించి స్టాంపు కాగితాలు అచ్చువేయించాడు. యంత్రం సర్కారుదే, పనితనంలో వంక లేదు. అయినా ఆ కాగితాలు నకిలీవే, ఎందుకంటే అచ్చువేయమని చెప్పే హక్కు ఉన్నవారెవరూ చెప్పలేదు. కౌటిల్యుడికి ఈ కేసు వివరించడానికి ఎక్కువసేపు పట్టేది కాదు.

శాస్త్రం సంగతి ఇలా ఉంటే, తెలుగువారి వాడుక తనకు తానే ఒక పంపకం చేసుకుంది. నోటుకు, సంతకానికి, ఓటుకు ముందు దొంగ చేరుతుంది: దొంగనోటు, దొంగసంతకం, దొంగఓటు. ఇక్కడ ఏదీ దొంగతనంగా తెచ్చింది కాదు. దొంగనిద్ర, దొంగఏడుపు అన్నప్పుడు పోయిన సొత్తు ఏమీ లేదు. ఉన్నట్లు నటించడమే దొంగ. రేషన్ కార్డుకు మాత్రం బోగస్ అంటాం. 19వ శతాబ్దపు తొలి భాగంలో అమెరికాలో దొంగ నాణేలు చేసే యంత్రానికి ఉండిన పేరది, కానీ మనవాళ్ళు దానికి చాలా సూక్ష్మమైన పని అప్పగించారు. బోగస్ కార్డు సర్కారు అచ్చువేసిన కార్డే, ముద్ర కూడా నిజమైనదే. లేనిది దాని మీద పేరు ఉన్న మనిషి. ఎన్‌కౌంటర్‌కు బూటకపు అన్నదే స్థిరపడ్డ విశేషణం, ఎందుకంటే అక్కడ ఆరోపణ వస్తువు గురించి కాదు, చెప్పిన కథ గురించి. పాలు, నూనె, కారం కల్తీ అవుతాయి. కల్తీ కారంలో కారమూ ఉంటుంది. ఇక మారుతాళానికి, పెట్టుడు పళ్ళకు ఏ మచ్చా లేదు, ఎవరూ వాటిని నకిలీ అనరు.

ఈ పంపకాన్ని పరీక్షించుకోవడానికి మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి మంచి చోటు. అక్కడి రోల్డుగోల్డు నగలకు తరాల పేరుంది. దుకాణంలో రోల్డుగోల్డని చెప్పి, ఆ ధరకే అమ్మిన గాజులను నకిలీ బంగారమనడం అన్యాయం. అది ఒక పనితనానికి ఉన్న పేరు, నకలు అని చెప్పుకుంటున్న నకలు. అదే గాజులను ఎవరైనా తాకట్టు దుకాణానికి తీసుకువెళ్లి మేలిమి బంగారమని పెట్టిన క్షణంలో అవి నకిలీవి అవుతాయి. గాజు మారలేదు, లోహం మారలేదు, పూత మారలేదు. మారినది దాని గురించి చెప్పిన మాట. చిలకలపూడి బంగారం అనే మాటను వెక్కిరింతగా వాడేవారు ఆ ఊరి కంసాలులకు చేసే అపకారం ఇదే.

మాట మసకగా ఉన్నందువల్ల నిజంగా నష్టం జరిగే చోట్లు మందులు, విత్తనాలు. మందుల విషయంలో 1940 నాటి చట్టం మూడు వేరువేరు సెక్షన్లు పెట్టుకుంది: తప్పుడు లేబుల్‌కు 17, కల్తీకి 17ఎ, తెలుగులో నకిలీ అనదగ్గదానికి 17బి. ఈ చివరి దానిలోని అంశాలు చదివితే, మరొక మందు పేరుతో చేసినది, లేని కంపెనీ పేరు వేసినది, తనను తయారుచేయని కంపెనీ చేసినట్లు చెప్పుకున్నది అంటూ దాదాపు అన్నీ పుట్టుక గురించిన అబద్ధాలే. నిజమైన కంపెనీ నిజంగా తయారుచేసి, పరీక్షలో నిలవని మందు వేరే కోవలోకి వస్తుంది, అది నాసిరకం. పత్రికలో మాత్రం అన్నింటికీ ఒకటే శీర్షిక.

ఈ మసక అంతర్జాతీయంగా ఎంత ఖరీదైనదో హైదరాబాద్ మందుల పరిశ్రమకు బాగా తెలుసు. 2008 చివర డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన లొసార్టాన్ అనే రక్తపోటు మందు బ్రెజిల్‌కు వెళుతూ దారిలో నెదర్లాండ్స్ కస్టమ్స్ చేతిలో ఆగిపోయింది. పంపిన దేశంలోను, చేరవలసిన దేశంలోను ఆ మందు చట్టబద్ధమే. కేవలం మార్గమధ్యంలోని దేశంలో ఉన్న పేటెంటు కారణంగా పట్టుకున్నారు. అటువంటి ఘటనలు మరికొన్ని జరగడంతో భారత్, బ్రెజిల్ 2010 మే నెలలో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. జెనరిక్ మందు అంటే తన కంపెనీ పేరు తాను వేసుకుని, అందులో ఏముందో చెప్పి అమ్మే నకలు. ప్రపంచ ఆరోగ్య వేదికల మీద నకిలీ అనే మాటకు ట్రేడ్‌మార్కు, పేటెంటు తగాదాలు ముడిపడి ఉన్నంతకాలం ఈ నకలు మీద నకిలీ నీడ పడుతూనే వచ్చింది. చివరకు 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు అయిదు మాటలు గుదిగుచ్చిన పాత పేరును వదిలి మూడు కోవలకు ఒప్పుకున్నాయి: నాసిరకం, నమోదు లేనిది, తన గురించి తప్పు చెప్పేది. మేధోసంపత్తి హక్కుల తగాదాలను ఆ నిర్వచనాల నుంచి పక్కకు తప్పించాయి.

ఆ మూడు కోవలను తెచ్చి విత్తనాల దగ్గర పెట్టి చూస్తే మన వార్తలు ఎంత కలగాపులగంగా ఉన్నాయో తెలుస్తుంది. పేరున్న కంపెనీ సంచీని అనుకరించి, లోపల పనికిరాని గింజలకు రంగు పూసి అమ్మితే అది నకిలీ విత్తనం. నిజమైన కంపెనీ సంచీలోని గింజ తగినంత మొలకెత్తకపోతే నాసిరకం. అప్పుడు రైతు నష్టపరిహారం అడగవలసింది ఆ కంపెనీనే, బిల్లు దాచుకుని ఉంటే గట్టిగా అడగవచ్చు. ఇక బీజీ-3 పేరుతో సంచీల్లో విడిగా అమ్ముతున్న కలుపుమందు తట్టుకునే పత్తి ఈ రెండింటిలో దేనికీ చెందదు. అది మొలకెత్తుతుంది, కలుపుమందునూ తట్టుకుంటుంది, కొనేవాడికి అదేమిటో తెలుసు. దానికి లేనిది ప్రభుత్వ అనుమతి. పోలీసులు పట్టుకున్నప్పుడు మూడింటికీ నకిలీ విత్తనాలనే పేరు పెట్టడం వల్ల, మోసపోయిన రైతుకూ, తెలిసి కొన్న రైతుకూ తేడా చెరిగిపోతోంది. మొదటివాడికి కావలసింది పరిహారం, రెండోవాడితో జరగవలసింది పర్యావరణం మీద, చట్టం మీద ఒక సంభాషణ.

ఈ మాటల లెక్కకు ఇప్పుడు వచ్చిపడిన కొత్త చిక్కు డీప్‌ఫేక్. 2017 చివర ఇంటర్నెట్‌లో పుట్టిన ఆ మాటకు తెలుగులో ఇంకా పేరు కుదరలేదు. ఎవరూ ఎన్నడూ అనని మాటలను వారి గొంతుతో వారి ముఖమే అంటున్నట్లు చూపే దృశ్యానికి నకలు అనే ధాతువు పొసగదు, ఎందుకంటే ఆ ప్రసంగానికి అసలు లేదు, ఏ బీరువాలో వెతికినా దొరకదు. అది చేరవేసినది కాదు, చూసి రాసినది కాదు; కొలిమిలో చేసినది. పైకి గుణం, లోపల దోషం అన్న కూటం దానికి అతికినట్లు సరిపోతుంది గాని, ఇవాళ కూటదృశ్యం అంటే ఎవరికీ అర్థం కాదు. పత్రికల డెస్కుల్లో మాత్రం ఒక వాక్యం స్థిరపడుతోంది: "కృత్రిమ మేధతో సృష్టించిన నకిలీ వీడియో". అందులో చేయడాన్ని చెప్పే మాటలు రెండు, ప్రతి తీయడాన్ని చెప్పే మాట ఒకటి ఉన్నాయి.